మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో చేతి పునరావాసం - సాంకేతిక సాధనాలు: విమర్శనాత్మక పరిశీలన

4.1 పరిచయం

ఒక వైద్య సాధనాన్ని విమర్శించడమంటే దాన్ని మెచ్చుకోవడమో తీసిపారేయడమో కాదు. అది ఏ మేలు చేస్తుందని చెబుతున్నారు, ఆ మేలును దేనితో కొలుస్తున్నారు, ఆ కొలతకూ రోగి రోజువారీ బతుక్కూ సంబంధం ఎంత అని అడగడమే విమర్శ. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారి చేతి చికిత్సలో వాడే యంత్రాలను ఈ మూడు ప్రశ్నలతో పరిశీలిద్దాం. ఇందుకు ఉదాహరణగా శ్రీ సత్యసాయి జిల్లాలోని ఓబులదేవరచెరువు మండల కేంద్రాన్ని తీసుకుందాం. నగర ఆసుపత్రికి దూరంగా ఉన్న ఊరి నుంచి చూసినప్పుడు, ప్రయోగశాలలో కనిపించని ఇబ్బందులు కొన్ని కనిపిస్తాయి.

4.2 వ్యాధి స్వభావం - చేతి మీద ప్రభావం

మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే ఆ పొరను దెబ్బతీస్తుంది. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే ఇంటి బరువు మోసే వయసులో, ఇది బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ.

చేయి పనిచేయకపోవడానికి కారణం అందరిలో ఒకటి కాదు. ఒకరికి కండరాల బలహీనత, మరొకరికి బిగువు, ఇంకొకరికి వణుకు, వేరొకరికి స్పర్శ తెలియకపోవడం. చేతి బరువును మోసే యంత్రం బలహీనతకు సాయపడుతుంది గానీ వణుకును పోగొట్టదు. కాబట్టి 'ఈ యంత్రం పనిచేస్తుందా' అన్న ప్రశ్న అసంపూర్ణం. 'ఏ ఇబ్బంది ఉన్నవారికి' అన్నది కూడా చేరాలి.

4.3 కొలమానాల పరిమితి

ఈ వ్యాధి తీవ్రతను తెలిపేందుకు ఎక్కువగా వాడేది 1983లో జాన్ కర్ట్‌జ్కీ ప్రకటించిన ఈడీఎస్ఎస్ కొలమానం. ఇది 0 నుంచి 10 వరకు ఉంటుంది. ఇందులో 4 నుంచి 7 వరకు ఉన్న మెట్లను ప్రధానంగా నిర్ణయించేది నడక. చేతుల వాడకం స్పష్టంగా ప్రస్తావనకు వచ్చేది 8వ మెట్టు దగ్గర, రోగి దాదాపు మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తర్వాత. నడక బాగానే ఉండి, చేయి మాత్రం పట్టు తప్పిన ధర్మవరం నేత కార్మికుడి నష్టం ఈ అంకెలో సరిగా కనిపించదు.

చేతి కోసం ప్రత్యేకంగా ఉన్నది తొమ్మిది రంధ్రాల పరీక్ష. తొమ్మిది చిన్న పుల్లలను ఒక్కొక్కటిగా రంధ్రాల్లో పెట్టి, మళ్లీ తీయడానికి పట్టిన సమయాన్ని లెక్కిస్తారు. చౌకైనది, త్వరగా పూర్తవుతుంది. అయితే అది కొలిచేది వేళ్ల నేర్పును. రాగి సంగటి ముద్ద చేసి నోటి దాకా తీసుకెళ్లాలంటే ఐదు వేళ్లూ కలవాలి, మణికట్టు తిరగాలి, మోచేయి వంగాలి. చెంబు ఎత్తడానికి, చీర కుచ్చిళ్లు పెట్టడానికి, చెనిక్కాయలు వలవడానికి కావలసిన కదలికలు వేరు. పరీక్షలో కొన్ని సెకన్లు తగ్గినంత మాత్రాన ఈ పనులు వచ్చినట్టు కాదు.

4.4 రెండు అధ్యయనాలు

ఆర్మియో స్ప్రింగ్ అనేది స్విట్జర్లాండ్‌కు చెందిన సాధనం. దీనిలో చేతిని కదిలించే మోటారు ఉండదు. స్ప్రింగులు చేతి బరువును మోస్తే, రోగి తన ప్రయత్నంతోనే చేతిని కదుపుతూ తెర మీది ఆటలు ఆడతాడు. బెల్జియం పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనంలో, తీవ్ర వైకల్యం ఉన్న 10 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులు 8 వారాలపాటు, వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున సాధన చేశారు. కూజాలోంచి నీళ్లు వంపడం వంటి పనులతో కూడిన పరీక్షలో మెరుగుదల కనిపించింది. వ్యాధి బాగా ముదిరినవారిలో కూడా చేయి సాధనకు స్పందిస్తుందని చూపడం దీని విలువ. అయితే పాల్గొన్నవారు 10 మందే. యంత్రం లేకుండా అంతే సేపు సాధన చేసిన పోలిక బృందం లేదు. కాబట్టి మేలు యంత్రానిదా, సాధనదా అన్నది ఈ అధ్యయనం తేల్చలేదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చినది 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం రాటుల్స్. ఇది పక్షవాతం రోగులపై జరిగింది కనుక ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తేకూడదు. కానీ 770 మందితో జరిగిన పెద్ద పరీక్ష. రోబో సాధన పొందినవారిలో చేతి కదలికల లోపం కొంత తగ్గినా, సాధారణ చికిత్సతో పోలిస్తే చేతి పనితనం చెప్పుకోదగినంత పెరగలేదు. కదలిక వేరు, పని వేరు అన్న పాఠం మాత్రం రెండు వ్యాధులకూ వర్తిస్తుంది.

4.5 ఓబులదేవరచెరువు నుంచి చూస్తే

ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న పెద్ద నాడీ వైద్య కేంద్రం బెంగళూరులోని నిమ్హాన్స్. పై బెల్జియం పద్ధతినే నగరంలో పాటించాలంటే 24 సార్లు వెళ్లాలి. మొత్తం సాధన 12 గంటలు. ప్రతి అరగంట సాధనకూ దాదాపు ఒక రోజు ప్రయాణం, తోడు వచ్చే మనిషి కూలి, చార్జీలు. పైగా విపరీతమైన అలసట ఈ వ్యాధి ముఖ్య లక్షణాల్లో ఒకటి. ఒంటి వేడి పెరిగితే లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. రాయలసీమ ఎండలో బస్సు ప్రయాణం చేసి వచ్చిన చేతిని పరీక్షిస్తే, వచ్చే అంకె చేతి శక్తినే కాదు, ప్రయాణ బడలికను కూడా చూపుతుంది.

అలాగని సాంకేతికతను తోసిపుచ్చడం న్యాయం కాదు. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ కలిసి రూపొందించిన 'ప్లూటో' అనే చేతి రోబోలో ఒకే మోటారుకు వేర్వేరు భాగాలు మార్చి బిగించి మణికట్టుకు, వేళ్లకు సాధన ఇవ్వవచ్చు. రోగిని యంత్రం దగ్గరికి రప్పించడం కాక, యంత్రాన్ని రోగికి దగ్గర చేయాలన్న ఆలోచన ఇందులో ఉంది. మన ప్రాంతానికి కావలసిన దిశ ఇదే. యంత్రం రాకముందే ఆ సూత్రాన్ని వాడుకోవచ్చు. చేతిని బల్ల మీద ఆనించి గుడ్డతో ముందుకూ వెనక్కూ జరిపితే బరువు కొంత తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పి, తర్వాత ఫోన్ వీడియోలో చూస్తూ సరిదిద్దవచ్చు. ఉదయం చల్లపూట, కొద్దికొద్దిగా, అలసట రాకముందే ఆపేలా సాధన ఉండాలి. లక్షణాలు హఠాత్తుగా పెరిగితే సాధన ఆపి వైద్యుని సంప్రదించాలి.

వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. కాబట్టి ఊరికి దగ్గరలో పునరావాస సేవ కోరడం దయ అడగడం కాదు, హక్కు అడగడం.

4.6 సారాంశం

చేతి యంత్రానికి అసలు బలం తగినన్నిసార్లు, విసుగు లేకుండా సాధన చేయించగలగడం. దాని బలహీనత తెర మీది గెలుపునే ఫలితంగా చూపించడం. ఏ సాధనాన్నయినా రోగి కోరుకున్న పని ఇంట్లో చేయగలిగాడా, సాధన ముగిసిన కొన్ని నెలలకు కూడా చేస్తున్నాడా అన్న ప్రశ్నలతోనే తూచాలి. ఈ ప్రశ్నలకు జవాబివ్వని సాధనం ఎంత ఖరీదైనదైనా, ఓబులదేవరచెరువు రోగికి దాని వల్ల మిగిలేది ప్రయాణ ఖర్చే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈడీఎస్ఎస్ కొలమానంలో చేతి ఇబ్బంది ఎందుకు మరుగున పడుతుంది?
2. పోలిక బృందం లేని అధ్యయనం నుంచి ఏమి చెప్పవచ్చు, ఏమి చెప్పకూడదు?
3. మీ ఊరిలో చేతితో చేసే ఒక పనిని తీసుకుని, దానిలోని కదలికలను విడదీసి రాయండి. తొమ్మిది రంధ్రాల పరీక్ష వాటిలో వేటిని కొలుస్తుంది?