బాలికోన్నతపాఠశాలలలో మతతత్త్వబోధ

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలోని బాలికోన్నతపాఠశాలలలో గణితమును, విజ్ఞానశాస్త్రమును ఇప్పుడు చక్కగా నేర్పుచున్నారు. కూలినాలి చేయువారి కుమార్తెలు వసతిగృహములలో నుండి చదివి వైద్యవిద్యకును, ఇంజనీరింగునకును పోవుచున్నారు. ఇది రెండు తరముల క్రిందట ఎవరును ఊహింపని సంగతి. కాని ఈ పాఠశాలల కాలపట్టికలో 'విలువల విద్య' యను పేర ఒక చిన్న గడి కలదు. ఆ గడిలో జరుగునదేమో చదువరులు ఒకమారు విచారింపవలెనని మా కోరిక.

పరీక్షలు సమీపించినప్పుడు ఆ గంటను గణితోపాధ్యాయుడు బదులు పుచ్చుకొనును. ఆ బదులు తీర్చగా మేము చూడలేదు. పరీక్షలు దూరముగా నున్నప్పుడు, పెద్దలమాట వినవలెను, సత్యమే పలుకవలెను, ఓర్పు కలిగియుండవలెను అను వాక్యములు నల్లబల్లమీదికి ఎక్కును. పిల్లలు వానిని వ్రాసికొందురు. పండుగలకు ముందు శ్లోకపఠనపు పోటీ పెట్టి గిన్నెయో డబ్బాయో బహుమతి యిత్తురు. ఈ మూటిలో నేదియు మతమును గూర్చిన చదువు కాదు. తత్త్వమన్న మాట అక్కడ వినబడనే వినబడదు. మగపిల్లల బడిలోను ఇంతే గదా యందురేమో. అంతే. కాని ఓర్పును గూర్చిన వాక్యము బాలికల బడిలో ఎక్కువసారులు వ్రాయబడును.

ఈ సమస్య మా ప్రాంతమునకు కొత్తది కాదు. 1948 సెప్టెంబరు వరకు ఈ జిల్లాలు నిజాము రాజ్యములోనివి. ఆనాటి ఉర్దూ విద్యావిధానములో మహమ్మదీయ విద్యార్థులకు 'దీనియాత్' అను మతపాఠమును, తక్కినవారికి 'అఖ్లాఖియాత్' అను నీతిపాఠమును ఏర్పరచిరి. గంట యొకటే, గదులు రెండు. ఒక గదిలోనివారికి దేవుడు, రెండవ గదిలోనివారికి మర్యాద. పొరుగువాడు దేనిని నమ్ముచున్నాడో, ఏల నమ్ముచున్నాడో తెలిసికొను అవకాశము ఏ గదిలోను లేదు. నేటి విలువల విద్య ఆ రెండవ గదికి వారసురాలని మా యభిప్రాయము.

బాలికల సంగతి వేరుగా చెప్పవలెను. ఆడపిల్లలకు తెలుగులోనే ఉన్నతవిద్య కావలెనని మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు 1928లో హైదరాబాదున పాఠశాల స్థాపించిరి. బోధన తెలుగున జరుగుటచేత దానికి అక్కడి గుర్తింపు దొరకక, పిల్లలు కార్వేగారి మహిళావిశ్వవిద్యాలయపు పరీక్షలకు పోవలసివచ్చెను. కోస్తాదేశమున 1874లోనే ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిన వీరేశలింగము పంతులుగారు 1883లో 'సతీహితబోధిని' పత్రికను ప్రారంభించిరి. వారికి మనమందరము ఋణపడియున్నాము. ఐనను ఆ పేరును ఒక్కమారు నిలిచి చూడుడు: హితము బోధింపబడునది, సతి వినునది. ఆమె యేదైన అడుగునేమో యను తలపునకు ఆ పేరులో చోటు లేదు. మన బడులలో నీతిగంట నేటికిని ఆ పేరుమీదనే నడచుచున్నది.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, పూర్తిగా ప్రభుత్వధనముతో నడుచు విద్యాసంస్థలలో మతబోధ కూడదని 28వ అధికరణమున శాసించెను. ప్రభుత్వపు గుర్తింపుగాని సహాయముగాని పొందు సంస్థలలో విద్యార్థిని మతబోధకు బలవంతపెట్టరాదనియు, మైనరైనచో సంరక్షకుని సమ్మతి కావలెననియు చెప్పెను. (సమ్మతి సంరక్షకునిది, పదునైదేండ్ల బాలికది కాదు.) 1964-66 నాటి కొఠారీ సంఘము, మతమును బోధించుట వేరు, మతములను గూర్చి బోధించుట వేరు అని విడదీసి, రెండవది కావలసినదే యనెను. ఈ రెండవదానికి రాజ్యాంగము అడ్డురాదని 2002లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కనుక చట్టమును చూపి తప్పించుకొనుటకు మనకు వీలులేదు.

మతమును బడిలోనికి రానీయకుండుటయే మేలని తలచు మిత్రులు మాకు పలువురు కలరు. వారి భయము నిరాధారము కాదు. పాఠమని మొదలుపెట్టి ప్రచారముగా ముగించువారు అన్ని మతములలోను కలరు. కాని మతము బడి గడపయొద్ద ఆగినను బాలిక సాయంకాలము ఇంటికి పోవును గదా! ఉత్తరతెలంగాణమున దేవతపేర ఆడపిల్లలను జోగినులుగా విడుచు ఆచారమును మాన్పుటకు 1988లో ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చెను. ఆ పిల్లల బ్రదుకులను బలిపెట్టినది మతము పేరనే. నెలసరి దినములలో ఏది తాకరాదో, ఏ నోము పట్టవలెనో, ఎన్నవయేట పెండ్లి కావలెనో, అన్నియు ఆ పేరనే చెప్పబడును. దీనికి ఆధారమేమని అడుగు విద్యను ఎక్కడను నేర్పక ఆమెను మరల అక్కడికే పంపుట తటస్థత యనిపించుకొనదు.

అడిగినచో నేమగును? మేమెరిగిన యొక పాఠశాలలో పదవ తరగతి బాలిక సత్యనారాయణవ్రతకథను గూర్చి యొక సందేహము తెలిపినది. కళావతి భర్త వచ్చెనని విని ప్రసాదము మరచి పరుగెత్తినది; అందుకు భర్త యున్న ఓడ మునిగినది. భర్తయే దైవమని మాకు చెప్పితిరి గదా, దైవము కొరకు పరుగెత్తినదానికి శిక్ష యేల, మునిగిన భర్త చేసిన తప్పేమి, అని ఆమె ప్రశ్న. ఆమెను ఆ గంట ముగియువరకు తరగతి వెలుపల నిలువబెట్టిరి. ఆ ప్రశ్నలో ధిక్కారము లేదు. విన్న కథను నమ్మి, దానిని మరియొక బోధతో సరిచూచుకొన్న బుద్ధి అది. శాస్త్రములలో పూర్వపక్షమను పేర మనము గౌరవించునది ఇదియే.

ఇక స్త్రీవిద్యను గూర్చి యెవరు ఉపన్యసించినను గార్గి, మైత్రేయి యను రెండు పేర్లు తప్పవు. కాని గార్గి యేమి యడిగెనని ఆ సభలో ఒక బాలిక లేచి ప్రశ్నించినచో చెప్పగలవారు అరుదు. చెప్పగలవారును సగమే చెప్పుదురు. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయమున, జనకుని యజ్ఞసభలో బ్రహ్మవేత్తలలో మేటికి బహుమానముగా వేయి గోవులు నిలువగా, యాజ్ఞవల్క్యుడు వాదమునకు ముందే వానిని తన శిష్యునిచేత తోలించును. పండితులు ఒక్కొక్కరు లేచి అడుగుదురు. గార్గి లేచి, ఇదంతయు నీటియందు అల్లబడియున్నచో ఆ నీరు దేనియందు అల్లబడినదని మొదలిడి, లోకముమీద లోకముగా బ్రహ్మలోకము దాక పోవును. అదియు దేనియందని అడుగగా, హద్దుమీరి అడుగకుము, నీ తల రాలగలదని యాజ్ఞవల్క్యుడు వారించును. ఆమె ఊరకుండును. మనవారు కథను ఇక్కడ ఆపి, వినయము స్త్రీకి అలంకారమని నీతి తీయుదురు.

ఉపనిషత్తు అక్కడ ఆగలేదు. ఉద్దాలకుని వాదము ముగిసిన వెంటనే గార్గి మరల లేచును. కాశీ విదేహముల వీరకుమారుడు వింటిని ఎక్కుపెట్టి రెండు బాణములతో శత్రువు నెదిరించినట్లు, రెండు ప్రశ్నలతో నిన్ను ఎదిరించుచున్నాను, బదులు చెప్పుమనును. ఈ యుపమానము ఆమెదే. ఆకాశమును దాటి అక్షరతత్త్వము వరకు సమాధానము రాబట్టి, ఈయనకు నమస్కరించి బయటపడుటయే మీకు మేలు, ఈయనను గెలువగలవారు మీలో లేరని పండితులకు తీర్పు చెప్పినదియు ఆమెయే. ఆ తీర్పును లక్ష్యపెట్టక వాదమునకు దిగిన శాకల్యుని తల రాలినదని గ్రంథము చెప్పుచున్నది. ఇంతకును తల రాలునను మాట గార్గి స్త్రీ యైనందున వచ్చినది కాదు. ఉద్దాలకుడు అదే మాటతో యాజ్ఞవల్క్యునే బెదిరించెను. అది ఆ సభలోని వాదపరిభాష. మన బాలికలకు ఆ బెదిరింపు మాత్రము అందినది. రెండవ ప్రశ్న అందలేదు.

ఆమె ప్రశ్నలోని మాట 'ఓతప్రోతము'. దాని యర్థమును మేము భాష్యములు చూచి నేర్చితిమి. సిరిసిల్ల నేతవారి పిల్లకు భాష్యము అక్కరలేదు: పడుగు, పేక. పడుగు దేనిమీద నిలిచినది? మగ్గముమీద. మగ్గము? నేలమీద. నేల? ఇట్లు పోగా పోగా, దేనిమీదను నిలువనక్కరలేని మగ్గమొకటి కావలసివచ్చును. లేదా ప్రశ్నయే సరికాదని చెప్పవలసివచ్చును. శాస్త్రకారులు 'అనవస్థ' యని పెద్దపేరు పెట్టినది దీనికే. తొమ్మిదవ తరగతి బాలికకు ఇది అందదనువారు ఆమె యింటిలోని సాంచను చూడనివారు. యాజ్ఞవల్క్యుని వారింపు న్యాయమా, తప్పించుకొనుటయా యని తరగతిని రెండు పక్షములు చేసి వాదింపజేయవచ్చును. మా మట్టునకు అది కొంత న్యాయము, కొంత తప్పించుకొనుట. పిల్లలు మాతో ఏకీభవింపనక్కరలేదు.

తల పగులుటను గూర్చిన మరియొక కథ మా గోదావరిగట్టుననే కలదు. పాలీభాషలోని సుత్తనిపాతమున పారాయణవర్గమందు, బావరి యను వృద్ధబ్రాహ్మణుడు కోసలమునుండి దక్షిణాపథమునకు వచ్చి అస్సకదేశప్రాంతమున గోదావరీతీరమున నివసించెనని యున్నది. నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తియే ఆ చోటని కొందరు పండితుల మతము. యజ్ఞము చేసి సర్వము దానమిచ్చిన బావరియొద్దకు ఒకడు వచ్చి ఐదువందలడుగును. లేవనగా, ఏడవనాటికి నీ తల ఏడు చెక్కలగునని శపించును. వృద్ధుడు దిగులుతో తిండి మాని కృశించును. ఆ వచ్చినవాడు ధనము కోరిన కపటియే గాని తల యననేమో వానికే తెలియదని ఒక దేవత ధైర్యము చెప్పును. అప్పుడు బావరి పదునారుగురు శిష్యులను బుద్ధునియొద్దకు పంపి, తల యననేమి, దానిని పగులగొట్టునదేది యని అడిగించును. అవిద్యయే తల, విద్యయే దానిని పగులగొట్టునది యని సమాధానము. ఆ శిష్యులలో మోఘరాజు రెండుమారులు అడిగి బదులు పొందక మూడవమారు అడిగినవాడు. ఐదువందలు అడిగినవాడు నేటికిని మన వాకిళ్ళకు వచ్చుచునే యున్నాడు. ఇంటి ఆడువారినే ముందుగా పలుకరించును. బావరి కథ చదివిన పిల్ల ఇంట నున్నచో, తల యననేమి స్వామీ యని అడుగకపోదు.

ఇట్టి సామగ్రికి మేము దూరము పోవలసిన పనిలేదు. ధూళికట్టలో శాతవాహనులనాటి బౌద్ధస్తూపము కలదు. గంగాధర దాపున బొమ్మలమ్మగుట్టమీద, పదవశతాబ్దిలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు జైనమూర్తులతోపాటు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడుభాషలలో శాసనము చెక్కించెను. అందలి తెలుగు కందపద్యములను భాషాచరిత్రలో చెప్పుచునే యున్నాము. అవి జైనుల గుట్టమీద నేల యున్నవో, ఆ జైనులేమైరో చెప్పుట లేదు. వేములవాడ ఆలయప్రాంగణములోని దర్గా మా పెద్దలు తరతరములుగా ఎరిగినదే.

ఆదిలాబాదు సంగతి మరింత సున్నితము. గోండు బాలికకు పాఠములలో పురాణకథలు దొరకును, పెర్సపేను దొరకడు. పుష్యమాసపు అమావాస్యకు మెస్రం వంశమువారు గోదావరినుండి కాలినడకను జలము తెచ్చి కేస్లాపూరులో నాగోబాకు అభిషేకింతురు. వంశమునకు కొత్తగా వచ్చిన కోడళ్ళను ఆ సమయమున దేవుని యెదుట పరిచయము చేయుదురు. పత్రికలలో దీని బొమ్మలు పడును. ఇందులోని భావమును విప్పి చెప్పు పాఠము మేము చూడలేదు. కోడలిని దేవునికి పరిచయము చేయవలసి యుండగా కొడుకునకు ఏల అక్కరలేదు? పెండ్లితో ఆమె పుట్టింటి దేవుడేమగును? ఇది గోండుపిల్ల ప్రశ్న మాత్రమే కాదు. వివాహముతో గోత్రము మారు ప్రతి యింటి పిల్లకును ఇది సమానముగా తగులును. ఆ రెండిండ్ల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుండి దీనిని మాటలాడుకొన్నచో, ఎవరిది మతము, ఎవరిది వట్టి ఆచారము అను చులుకన తనంతట తానే కొంత తగ్గును. 1940లో కొమరం భీము మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వము పంపిన హైమండార్ఫు, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ యిప్పించి గోండీభాషలోనే వాచకములు వ్రాయించెను. భాషకు దొరకిన ఆ చోటు దేవునికి ఇంకను దొరకవలసియున్నది.

బోధించువారికి రెండు మూడు కట్టుబాట్లు అవసరము. ఉపాధ్యాయురాలు తన విశ్వాసమును దాచనక్కరలేదు, అడిగినచో చెప్పవచ్చును. కాని అడుగు అలవాటు ఎవరికైనను మొదట తన యింటి మతముమీద కలుగవలెను, పొరుగింటి దానిమీద తరువాత. మహమ్మదీయ బాలికనో క్రైస్తవబాలికనో తరగతి నడుమ నిలువబెట్టి, మీలో ఇట్లేల యని సంజాయిషీ యడుగుట పాఠము కాదు, పోలీసుపని. ఆమె తన యిష్టమున చెప్పినప్పుడు వినవలెను. హిందూబాలికలు అధికముగానున్న తరగతిలో ఈ కట్టుబాటు తప్పినచో, ఈ పాఠము లేకుండుటయే మేలు.

పరీక్ష లేని పాఠమును ఎవరు చదువుదురని మా తోటివారే అడుగుచున్నారు. పరీక్ష పెట్టినచో ఏమగునో తెలిసినదే: గార్గి యెవరు, ఈ నాలుగింటిలో సరియైనది గుర్తింపుము. దానికి బదులు నెలకొకమారు ప్రతి బాలికయు తనకు తోచిన ప్రశ్న నొకదానిని కాగితముమీద వ్రాసి తేవలెను. సమాధానము కాదు, ప్రశ్న. పేరు వ్రాయుట ఆమె యిష్టము. ఇట్లు చేయించి చూచినచోట మాకు కనబడిన కాగితములలో, జ్యోతిశ్చక్రములను గూర్చియు, చనిపోయిన అవ్వ ఎక్కడికి పోయినదను దానిని గూర్చియు చాల యుండెను. ఒక కాగితముమీద ఇట్లుండెను: బాసరలో మా అమ్మ నాకు అక్షరాభ్యాసము చేయించినది, ఈ సంవత్సరము చదువు మానుమని మా నాయన యనుచున్నాడు, సరస్వతి ఎవరి పక్షము?