‘లేదు’ అనుటకు ఆధారమెయ్యది? – పాత పత్రికలును సాహిత్య పరిశోధనయు

సాహిత్యచరిత్రలో మిక్కిలి సులభముగా వ్రాయదగిన వాక్యము ‘లేదు’ అనునది. మిక్కిలి కష్టముగా నిరూపింపదగినదియు అదియే. ఒక రచన కలదని చెప్పుటకు ఒక్క ప్రతి చాలును. లేదని చెప్పుటకు వెదకదగిన తావులన్నియు వెదకి యుండవలెను. ‘ఇది తొలి రచన’ అనుట కూడ ‘దీనికి ముందు ఏదియు లేదు’ అనుటకు మరొక రూపమే. పరిశోధనవ్యాసములలో ఈ రెండు విధములైన వాక్యములు విరివిగా కనబడుచున్నవి. వానికి ఆధారముగా చూపబడునవి తరచుగా మునుపటి గ్రంథములే కాని నాటి పత్రికల సంచికలు కావు. ఈ అలవాటులోని దోషమును పరిశీలించుటయే మా ఉద్దేశము.

తెలంగాణమునకు సంబంధించిన ప్రసిద్ధోదాహరణమును మొదట గ్రహింతము. సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926 మే 10వ తేదీన వెలువడినది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను అర్థము వచ్చునట్లు ఒకరు చేసిన వ్యాఖ్యకు సమాధానముగా ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటు చేసికొనిరి. ఈ సమాధానము యొక్క స్వభావము గమనింపదగినది. అది ఆక్షేపణకు ప్రత్యాక్షేపణము కాదు, పట్టిక. లేరన్నవారు వెదకలేదు, ఉన్నారన్నవారు వెదకి చూపిరి. ఇందరు కవులుండుట వారి కవిత్వము యొక్క గొప్పతనమును నిరూపింపదు గాని, ‘లేరు’ అను మాటను మాత్రము నిశ్శేషముగా ఖండించును.

అయితే ఈ వృత్తాంతమును నేడు ఉదాహరించు తీరు చింతనీయము. ఆ వ్యాఖ్య ఒక్కొక్క వ్యాసమున ఒక్కొక్క విధమైన మాటలలో కనబడుచున్నది. అది ఏ పత్రికలో, ఏ తేదీన, ఏ సందర్భమున వచ్చినదో చెప్పక, పూర్వ వ్యాసకర్త వ్రాసిన వాక్యమునే ఉత్తర వ్యాసకర్త ఎత్తి వ్రాయుట పరిపాటియైనది. ఆధారము చూపి వాదించిన గ్రంథమును ఆధారము చూపకయే కొనియాడుట విపరీతము కాదా? ప్రతాపరెడ్డిగారి కృషిని అభిమానవిషయముగా మాత్రమే గ్రహించి, పరిశోధనపద్ధతిగా గ్రహింపకపోవుటయే ఇందలి లోపము.

రెండవ ఉదాహరణము కథానికాచరిత్రకు సంబంధించినది. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతిలో అచ్చయినది. అదియే తొలి తెలుగు కథానిక యని చిరకాలము పాఠ్యగ్రంథములు బోధించినవి. కాని భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902 నవంబరులోనే హిందూసుందరిలో వెలువడినది. ఒక మాసపత్రిక యొక్క పాత సంచిక వెలుగులోనికి వచ్చుటతో చరిత్ర ఏడేండ్లకు పైగా వెనుకకు జరిగినది. జరిగినది కాలము మాత్రమే కాదు. ప్రథమస్థానమున స్త్రీ నిలిచినది, స్త్రీల పత్రిక నిలిచినది. హిందూసుందరి వంటి పత్రికలను సాహిత్యచరిత్రకారులు చిరకాలము తెరచి చూడకుండుటయే మునుపటి నిర్ణయమునకు మూలము.

ఇచట ఒక వివేచన అవసరము. ‘దిద్దుబాటు’ కళాదృష్టిచే తొలి ఆధునిక కథానిక యనువారి వాదమును తేదీ యొక్కటియే ఖండింపజాలదు, అది గుణనిర్ణయము. కాలక్రమమున మొదటిదనుట మాత్రము సంచికలను బట్టి తేలవలసిన విషయము. ఈ రెంటిని కలగాపులగము చేసినందుననే వివాదము పెరిగినది. అచ్చమాంబగారి కథకును ఇదే నియమము వర్తించును. దానికి పూర్వపు పత్రికలన్నియు చూచిన పిదప గాని ‘తొలి’ అను విశేషణము స్థిరపడదు.

పత్రికలను చూచిననే చాలదు, చదువ నేర్చియుండవలెను. ఇందు మొదటి చిక్కు తేదీలది. హైదరాబాదు రాష్ట్రమున హిజ్రీ, ఫసలీ, క్రీస్తు శకములు మూడును వాడుకలో నుండెను. ఫసలీ సంవత్సరము అక్టోబరులో ఆరంభమగుచుండెను. కావున జనవరి మొదలు సెప్టెంబరు వరకు గల తేదీలకు 591, అక్టోబరులో సంవత్సరము మారిన పిదప డిసెంబరు వరకు 590 కలిపిన క్రీస్తుశక సంవత్సరము వచ్చును. 1949 ఆగస్టు నాటి జాగీర్ల రద్దు శాసనమున 1358 ఫసలీ అని యుండుట ఇందుచేతనే. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వెలువడినది 1917 ఏప్రిల్ 26న, అనగా హిజ్రీ 1335లో. గోలకొండ పత్రిక పుట్టినది 1926 మేలో, అనగా ఫసలీ 1335లో. సంఖ్య ఒక్కటియే, నడుమ తొమ్మిదేండ్ల అంతరము. శకము పేరు గమనింపక 1335 అని మాత్రము వ్రాసికొనిన విద్యార్థి ఏది ముందో, ఏది వెనుకయో చెప్పజాలడు. ‘తొలి’ అను నిర్ణయమే కాలముపై ఆధారపడినపుడు ఈ పొరపాటు చిన్నది కాదు.

రెండవ చిక్కు స్థలనామములది. దీనికి విశ్వవిద్యాలయమునకు సమీపముననే ఉన్న నాచారము మంచి నిదర్శనము. ఉప్పలును ఆనుకొని యున్న ఈ ఊరు పారిశ్రామిక ప్రాంతమై, నేడు మహానగరమున కలిసిపోయినది. ‘పాత పత్రికలలో నాచారము ప్రసక్తి లేదు’ అని ఒక విద్యార్థి వ్రాయదలచె ననుకొందము. అతడు ఏ శీర్షికలలో వెదకెను? 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము హైదరాబాదు జిల్లాలోనిది. 2016 నుండి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనిది. ఉప్పల్ కలాన్ పురపాలకసంఘము మహానగరపాలక సంస్థలో చేరినది 2007లో. కావున వార్త ఒకప్పుడు జిల్లా పుటలోను, మరొకప్పుడు నగర పుటలోను ఉండవచ్చును. నందమూరి తారక రామారావుగారు 1970ల దశకమున ఇచట రామకృష్ణ స్టూడియోను నెలకొల్పిరి గనుక, చలనచిత్ర పుటలను కూడ విడువరాదు.

దీనికి విపరీతమైన దోషమును కలదు. కనబడిన ప్రతి నాచారమును ఈ నాచారమే యనుకొనుట. నేటి సిద్దిపేట జిల్లా వర్గల్ మండలమున నృసింహక్షేత్రమైన నాచారము వేరొకటి యున్నది. ఉప్పలు అను రైలు స్టేషను కాజీపేట–బల్లార్షా మార్గమున కమలాపూరు ప్రాంతమునను కలదు. కవి నివాసగ్రామమును పత్రికను బట్టి నిర్ణయించునపుడు తాలూకా పేరు, పంపిన విలేఖరి ఊరు, ప్రక్క వార్తలు చూడక తీర్మానించినచో ఒక జిల్లా కవి మరొక జిల్లాకు తరలిపోవును.

‘ప్రక్క వార్తలు’ అంటిమి. మూడవ లోపము ఇచటనే యున్నది. కావలసిన వ్యాసమును మాత్రము కత్తిరించి తెచ్చుకొని సంచికను విడిచిపెట్టుట పరిశోధన యనిపించుకొనదు. గ్రంథమునకు వ్యాఖ్యానమెట్టిదో పత్రికావ్యాసమునకు ఆనాటి సంచిక అట్టిది. ముందు వారమున వచ్చిన లేఖ, తరువాతి వారమున వచ్చిన ప్రత్యుత్తరము, ప్రకటనలు, చందాదారులకు విజ్ఞప్తి – ఇవన్నియు ఆ వ్యాసము ఎవరినుద్దేశించి, ఏ ఒత్తిడిలో వ్రాయబడినదో తెలుపును. సంతకము లేని సంపాదకీయమును సంపాదకునిదే యని నిరూపణ లేక చెప్పుటయు ఇట్టి తొందరపాటే.

ఇక గ్రంథాలయముల స్థితి. 1891లో అసఫియా పేర స్థాపితమై నేడు అఫ్జల్‌గంజిలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయముగా నున్న సంస్థ, 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము, ఆంధ్రదేశమున 1918 నాటి వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికల పరిశోధకులకు తరతరములుగా ఆశ్రయములు. భాషానిలయ స్థాపకులలో ఒకరైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు పైన పేర్కొన్న అచ్చమాంబగారి తమ్ముడే. కాగితమునకు ఆయువు తక్కువ. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞానకేంద్రమున అపురూపమైన ఉర్దూ గ్రంథములు, పత్రికలు నీటి పాలైనవి. అట్లు పోయిన సంచికలో ఏమి యుండెనో చెప్పగలవారెవరు? సంచిక నశించుట వేరు, అందలి విషయము లేకపోవుట వేరు. నేడు అనేక పత్రికల పుటలు కంప్యూటరు తెరపై లభించుచున్నవి. ఇది గొప్ప ఉపకారము. కాని ఛాయాప్రతులలో కొరవడిన సంచికలు, మాసిన పుటలు లేకపోవు. పాత అచ్చులోని పదములను యంత్రము సరిగా గుర్తింపకపోవచ్చును. అట్టి తావున ‘వెదకితిమి, రాలేదు’ అనుట యంత్రము మాటయే కాని పరిశోధకుని మాట కాదు.

‘కొలది యేండ్ల గడువున్న విద్యార్థి వేల సంచికలు చదువగలడా?’ అని అధ్యాపకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమే. సర్వము చదువవలెనని మేము కోరుటలేదు. చదివిన మేర చెప్పవలెనని మాత్రమే కోరుచున్నాము. ఏ పత్రిక, ఏ సంవత్సరము మొదలు ఏ సంవత్సరము వరకు, ఎన్ని సంచికలు చూడబడినవి, ఎన్ని లభింపలేదు – ఈ నాలుగు విషయములు ఒక్క పుటలో వ్రాయవచ్చును. అపుడు ‘లేదు’ అను మాట ‘ఈ మేరలో మాకు కనబడలేదు’ అని మారును. ఈ రెండవ వాక్యము చూచుటకు చిన్నది. కాని అది తరువాతి విద్యార్థికి ఎచట మొదలిడవలెనో చెప్పును. మొదటి వాక్యము అతనికి తలుపు మూయును.

నిజాము రాష్ట్రమున కవులు లేరన్న మాట ఒకనాడు అట్లే తలుపు మూయజూచినది. దానిని 354 మంది పేర్లతో తెరచిరి. ఆ సంచికను గౌరవించు మార్గము దాని కథను మరల మరల చెప్పుట కాదు. మనము వ్రాయు ప్రతి ‘లేదు’ ఎదుట ఆగి, ఎన్ని సంచికలు తిరుగవేసితిమని మనలను మనమే ప్రశ్నించుకొనుట.