మగవేషంలో మధురవాణి, మన చెవులు

'కన్యాశుల్కం' చివరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. అందరికీ తెలిసిన ఘట్టమే. రంగస్థలానికి పనికొచ్చే చమత్కారంగా దీన్ని మెచ్చుకుని ముందుకు సాగిపోవడం మన విమర్శకులకు అలవాటు. భాషాశాస్త్రం వృత్తి కావడం వల్ల కాబోలు, నాకు మాత్రం ఈ రంగం చదివినప్పుడల్లా 1960లో వెలువడిన ఒక పరిశోధన గుర్తుకు వస్తుంది. మనిషి మారకుండా వేషం ఒక్కటే మారితే, ఎదుటివాడి అంచనా ఎందుకు మారాలి? రెండింటిలోనూ ఉన్న ప్రశ్న ఇదే.

ముందు పరిశోధన సంగతి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో వాలస్ లాంబర్ట్, ఆయన సహచరులు ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ ధారాళంగా వచ్చిన నలుగురి చేత ఒకే పాఠాన్ని రెండు భాషల్లోనూ చదివించి టేపు మీద ఎక్కించారు. ఒకే మనిషి రెండుసార్లు వినిపిస్తున్నాడని శ్రోతలకు తెలియదు. ఒక్కొక్క గొంతు విని ఆ మనిషి ఎటువంటివాడో చెప్పమన్నారు. తెలివి, నమ్మకం, నాయకత్వం, దయ, చివరికి ఎత్తు, అందం కూడా కలిపి పద్నాలుగు గుణాలు. ఇంగ్లీషు విద్యార్థులు ఇంగ్లీషు గొంతుకు ఎక్కువ మార్కులు వేశారు. అందులో వింత లేదు. ఫ్రెంచి విద్యార్థులు కూడా తమ భాష మాట్లాడిన గొంతునే తక్కువ చేశారు. అదీ ఇంగ్లీషువాళ్ళకంటే ఎక్కువ గుణాల్లో! దయ, దైవభక్తి మాత్రం తమవాడికి మిగిల్చారు. అదే మనిషి ఇంగ్లీషులో చదివితే వాళ్ళ చెవికి పొడుగ్గా కూడా అనిపించాడు. ఈ పద్ధతికి భాషాశాస్త్రంలో స్థిరపడిన పేరులోనే 'వేషం' అన్న అర్థం ఉంది.

ఇక సౌజన్యారావు. ఆయన మూర్ఖుడు కాడు, దుర్మార్గుడు అంతకన్నా కాడు. నాటకంలో ఇంతకంటే పెద్దమనిషి లేడు. 1890లలో మద్రాసు రాజధానిలో సాగిన సానిమేళాల వ్యతిరేకోద్యమం ఆదర్శాలకు ప్రతినిధి. సానులతో సంపర్కం కూడదన్నది ఆయన నియమం. అటువంటి మనిషి, పరాయి పురుషుడనుకుని, మధురవాణితో సమానుడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. వాదిస్తాడు, వింటాడు. ఆమె ఎవరో తెలిశాకనే చిక్కు వచ్చిపడుతుంది. అప్పటిదాకా విన్న తెలివి ఎక్కడికీ పోలేదు, చెప్పిన మాటల్లో అక్షరం మారలేదు. ఆయన నియమమే ఆమెకూ ఆయనకూ మధ్య తెరలా నిలిచింది. దురభిప్రాయం చదువులేనివాళ్ళ జబ్బు అనుకునేవాళ్ళు ఈ రంగాన్ని మళ్ళీ చదవాలి. తన మంచితనం మీద తనకున్న నమ్మకాన్ని కాపాడుకోవాలన్న కోరిక కూడా మనిషి చూపును మసకబారుస్తుంది.

అవసరం ఆ తెరను కొంత పక్కకు లాగుతుందన్నది గురజాడ గమనించిన మరో సంగతి. హత్యానేరంలో చిక్కుకున్న లుబ్ధావధాన్లను బయటపడేసే రహస్యం ఆమె దగ్గర ఉంది. అది లేకపోతే సౌజన్యారావు ఆమె మాట అంతసేపు వినేవాడా? నాకు సందేహమే.

ఆ రహస్యం ఏమిటి? లుబ్ధావధాన్లు కట్టుకున్న 'పెళ్ళికూతురు' ఆడపిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడు. ఇంట్లో ఉన్నవాడిని మగపిల్లవాడని ఒక్కరూ ఎందుకు పోల్చుకోలేదు? చవకలో పిల్ల దొరకాలని ముసలాయనకు ఆశ. బేరంలో తనకూ నాలుగు రాళ్ళు రాలాలని రామప్పంతులుకు ఆశ. ఆశ ఉన్నచోట పరీక్షించి చూసే ఓపిక ఉండదు. జీవా కుందా అనే మనోవిజ్ఞానవేత్త 1990లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంటుంది. మనిషి తనకు నచ్చిందల్లా గుడ్డిగా నమ్మడు. నమ్మదలచుకున్నదానికి తగిన కారణాలను మాత్రం ఏరుకుంటాడు, ఏరుకుంటూ తాను నిష్పక్షపాతంగానే ఆలోచిస్తున్నాననుకుంటాడు.

ఇక్కడ విమర్శకులను కూడా విడిచిపెట్టడానికి వీల్లేదు. "ఇంత ఉదాత్తమైన సాని ఎక్కడుంటుంది? ఆ పాత్ర అసహజం" అన్న ఆక్షేపణ మనం విన్నదే. నోరు తెరిస్తే ఉపన్యాసం ఇచ్చే గిరీశం సహజమేనట! రామప్పంతులు కోతలు సహజమేనట! మధురవాణి వివేకం దగ్గరకు వచ్చేసరికి సహజత్వం కొలబద్ద బయటికి వస్తుంది. అవే మాటలు ఒక ప్లీడరు పాత్ర నోట పెడితే ఈ ఆక్షేపణ వచ్చేదా? సౌజన్యారావుకు ఎదురైన పరీక్షే విమర్శకుడికీ ఎదురైంది. ఆయన చివరికి కొంత గట్టెక్కాడు. విమర్శకుడు వేషం దగ్గరే ఆగిపోయాడు.

ఈ బులెటిన్ చదివే విద్యార్థులకు ఇది పరాయి విషయం కాదు. హోసూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థి మా సదస్సులో "మా ఊర్లో అందరూ తెలుగే మాట్లాడతా ఉండారు" అన్నాడు. కోస్తా నుంచి వచ్చిన అతిథి నవ్వి, "తమిళం బాగా కలిసిందే" అన్నారు. ఆ 'ఉండారు'లో తమిళం ఏమీ లేదు. చిత్తూరు జిల్లాలో రోజూ వినిపించే తెలుగు రూపం అది. అదే మాట చిత్తూరు మనిషి అంటే ఆ పెద్దమనిషి 'సీమ యాస' అని ఊరుకునేవారు. ఆయన చెవి విన్నది క్రియను కాదు, విద్యార్థి చిరునామాను. బరంపురం, పర్లాకిమిడి విద్యార్థుల అనుభవం మరీ విడ్డూరం. కన్యాశుల్కం భాష పుట్టిన నేలకు దగ్గరి మాట వాళ్ళది. నాటకంలో దాన్ని మెచ్చుకునేవాళ్ళే, సినిమాలో హాస్యగాడి నోట ఆ యాస వినపడగానే నవ్వడానికి సిద్ధమైపోతారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అతిథి మాట కాదు. లాంబర్ట్ పరిశోధనలోని ఫ్రెంచి విద్యార్థుల్లాగే, ఆ హోసూరు కుర్రవాడు వెంటనే తల వంచుకుని, తన వాక్యాన్ని 'మాట్లాడుతున్నారు' అని దిద్దుకుని మళ్ళీ చెప్పాడు.