దాత వేరు, శిల్పి వేరు: వీడియోల ఆధారసూచనపై ఒక విమర్శ

ఇటీవల నా పరిశీలనకు వచ్చిన ఒక పరిశోధన వ్యాసంలో, ఒక స్తూపం కాలనిర్ణయానికి సంబంధించిన కీలకమైన ప్రతిపాదన ఒకే ఒక పాదసూచికపై ఆధారపడి ఉంది. ఆ పాదసూచికలో ఒక యూట్యూబ్ ఛానెల్ పేరు, ఒక సంవత్సరం, ఒక అంతర్జాల చిరునామా మాత్రమే ఉన్నాయి. ఆ చిరునామాలో లభించేది గంటన్నర ఉపన్యాసం. ప్రతిపాదన ఎవరిదో, ఎప్పుడు చేసినదో, ఆ గంటన్నరలో ఎక్కడ వినిపిస్తుందో పాదసూచిక చెప్పదు. వ్యాసకర్త అసత్యమేమీ రాయలేదు. కాని పాఠకుడు సరిచూసుకునే దారిని మూసివేశాడు.

వీడియోను ఆధారంగా స్వీకరించవచ్చునా అనే చర్చకు కాలం చెల్లింది. తవ్వకాలు జరిపిన పండితుల అభిప్రాయాలు గ్రంథరూపం దాల్చకముందే ఉపన్యాసాలుగా వెలువడుతున్నాయి. ఎట్లా స్వీకరించాలన్నదే ఇప్పటి ప్రశ్న.

కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలోని భర్హుత్ శిలాప్రాకారం ముందు నిలిచినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1873లో కన్నింగ్‌హామ్ గుర్తించిన ఈ ప్రాకారంపై ప్రధానంగా రెండు రకాల శాసనాలున్నాయి. శిల్పంలోని జాతక కథను, దేవతను, స్థలాన్ని పేర్కొనేవి కొన్ని. స్తంభాన్నో, అడ్డుపట్టీనో సమర్పించినవారి పేరు చెప్పి ‘దానం’ అన్న మాటతో ముగిసేవి మరికొన్ని. రాతిపై పేరున్నంత మాత్రాన ఆ వ్యక్తి శిల్పి కాడు, దాత మాత్రమే. తూర్పు తోరణ శాసనం ధనభూతి పేరును చెబుతుంది. అదే తోరణపు చిరుస్తంభాలపై కనిపించిన ఖరోష్ఠీ అక్షరాలను పనివారి గుర్తులుగా గ్రహించి, వాయవ్య ప్రాంతపు శిల్పులు అక్కడ పనిచేసి ఉంటారని కన్నింగ్‌హామ్ ఊహించాడు. దాతనే శిల్పిగా భావించి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

వీడియోల విషయంలో మనం తరచు చేస్తున్న పొరపాటు సరిగ్గా ఇదే. ప్రసంగించినవారు ఒకరు, చిత్రీకరించినవారు ఒకరు, అంతర్జాలంలో ఉంచినవారు వేరొకరు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలిగ్రంథం ఏడవ కూర్పు, వీడియోను ఉంచిన వ్యక్తినో సంస్థనో కర్త స్థానంలో పేర్కొనమంటుంది. పాఠకుడు వీడియోను సులభంగా వెదికి పట్టుకోవాలన్నదే దాని ఉద్దేశం. ఆ మేరకు అది సమంజసమే. కాని చరిత్ర రచనలో మూలాన్ని వెదకడం ఎంత ముఖ్యమో, మాట ఎవరిదో తెలియడం అంత ముఖ్యం. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ పద్ధతిలో కర్త, ఉంచినవారు వేర్వేరైతే ఇద్దరినీ విడిగా చూపుతారు. మన రంగానికి ఇదే తగినది.

తేదీలు కూడా రెండు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని మొఘల్‌మారి బౌద్ధ విహార స్థలంలో 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయం తవ్వకాలు ప్రారంభించింది. తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ వాటిని కొనసాగించింది. ఇటువంటి స్థలం గురించి తొలి దశలో చేసిన ప్రసంగాన్ని పదేళ్ల తరువాత ఎవరైనా అంతర్జాలంలో ఉంచారనుకుందాం. రెండవ తేదీని మాత్రమే ఇస్తే, అప్పటికి బయటపడని వస్తువుల గురించి వక్త మౌనం వహించాడన్న అపవాదు అతనిపై పడుతుంది. కనుక ప్రసంగ తేదీ, ప్రచురణ తేదీ రెండూ ఉండాలి.

ఇక స్థాన నిర్దేశం. భర్హుత్ శాసనాలకు లూడర్స్ ఇచ్చిన సంఖ్యలు 1963లో వెలువడిన సంపుటంలో ఉన్నాయి. సంఖ్య చెబితే చాలు, ఏ దేశపు పాఠకుడైనా ఆ శాసనాన్ని చేరగలడు. వీడియోకు అటువంటి సంఖ్య కాలసూచిక. మాట మొదలైన, ముగిసిన గంట, నిమిషం, సెకను ఇవ్వాలి. అయితే యూట్యూబ్‌లో ఉంచిన వీడియోను చిరునామా మారకుండానే యజమాని కత్తిరించవచ్చు, శీర్షికనూ మార్చవచ్చు. కత్తిరిస్తే కాలసూచికలు తప్పుతాయి. అందుకే మొత్తం నిడివిని, మనం చూసిన తేదీని నమోదు చేయాలి. నిడివి మారితే మూలం మారిందని పాఠకుడు వెంటనే గుర్తిస్తాడు.

పూర్తి ఉపన్యాసం లభిస్తుండగా, ఇతరులు కత్తిరించి ఉంచిన తునకను ఉదహరించడం తగదు. మహాచైత్యంలో ఏ స్థానంలో నిలిచాయో నమోదు కాకుండా తరలిపోయిన అమరావతి ఫలకాలు పండితులను ఎంత శ్రమపెట్టాయో మనకు తెలుసు. సందర్భం కోల్పోయిన మాట కూడా అటువంటిదే. యంత్రం కూర్చిన ఉపశీర్షికలను నమ్మి పాలి, ప్రాకృత పదాలను ఉదహరించడం మరింత ప్రమాదం. స్వయంగా విని రాసుకొని, ఆ సంగతిని తెలపాలి. బెంగాలీ ప్రసంగాన్ని తెలుగులో ఇస్తే అనువాదం ఎవరిదో చెప్పాలి.

కాబట్టి పాదసూచిక క్రమం ఇట్లా ఉండవచ్చు: వక్త పేరు, ఉపన్యాస శీర్షిక, ప్రసంగ స్థలం, తేదీ, వీడియోను ఉంచిన ఛానెల్, ఉంచిన తేదీ, మొత్తం నిడివి, ఉదహరించిన భాగం, ఉదాహరణకు 0:23:10 నుండి 0:24:05 వరకు, చిరునామా, చూసిన తేదీ. తెలియని అంశాన్ని ఊహతో పూరించకుండా ‘తెలియదు’ అని రాయాలి.

పాదసూచిక మరీ దీర్ఘమవుతుందని కొందరు ఆక్షేపించవచ్చు. మహాపరినిబ్బాన సుత్తంలోని నాలుగు మహాపదేశాలను వారు గుర్తుచేసుకోవాలి. విన్న మాట భగవానుని నుండి వచ్చిందా, ఒక ఆవాసంలోని సంఘం నుండా, అనేక స్థవిరుల నుండా, ఒకే స్థవిరుని నుండా అని అవి వేరుచేస్తాయి. ఏ మాటనూ వెంటనే ఆమోదించవద్దు, తిరస్కరించవద్దు, సుత్తవినయాలతో సరిపోల్చమంటాయి. ఎవరి నుండి విన్నామో, ఎక్కడ విన్నామో చెప్పడం బౌద్ధ సంప్రదాయంలో మాటను పరీక్షకు నిలపడంలో భాగం. వీడియోను ఉదహరించే పరిశోధకుడు పాఠకునికి ఆ పరీక్షావకాశాన్ని కల్పించాలి.