మంద్రానికి ఇనుము కావాలి

బేస్ గిటారు మీద అన్నిటికన్నా లావు తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే అది సెకనుకు 41 సార్లు ఊగుతుంది. మామూలు గిటారు మీద లావు తీగ 82 సార్లు ఊగుతుంది. లెక్కకు రెండింతల తేడా, అంతే. ఆ తేడాను మోయడానికి యాంప్లిఫయరు లోపల ఎంత ఇనుము, ఎంత రాగి పెట్టాలో తెలిశాక, వాల్వులతో కట్టిన బేస్ యాంప్లిఫయరు ధర విని ఆశ్చర్యపోవడం మానేశాను. ఆ ధర నాకు అందేది కాదు. మా పల్నాడులో పెళ్ళిళ్ళకు వాయించే కుర్రాళ్ళకూ అందేది కాదు. అయినా అందులో న్యాయమెంత, పేరు కోసం పెట్టేదెంత అని విడదీసి చూడాలనిపించింది.

నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో బేస్ గిటారు ఇప్పుడు ఎక్కువగా వినపడేది చర్చిల్లో. క్రిస్మస్ ముందు నెల పొడుగునా సాధన చేసిన పిల్లలే ఆ తర్వాత ఆర్కెస్ట్రాల్లోకి వెళతారు, శ్రీరామనవమి పందిళ్ళలో వాయిస్తారు, పెళ్ళి రిసెప్షన్లలో ఇళయరాజా పాటల కింది వరస పట్టుకోవడానికి తంటాలు పడతారు. ఆ కింది వరస పట్టుకున్నవాడికి చెవి మారిపోతుంది. పాటను కింది నుంచి వినడం మొదలుపెడతాడు. అక్కడినుంచి ఎర్రగా వెలిగే ఆ వాల్వు గాజు గొట్టాల మీద మనసు పడటానికి ఎంతో కాలం పట్టదు. ఫోనులో వీడియోలు చూసి నన్నడుగుతారు, 'అన్నా, దాంట్లో నిజంగా ఏముంది?' అని. ఇంగ్లండు కంపెనీ ఆరెంజ్ చేసే ఏడీ-200 అనే బేస్ యాంప్లిఫయరునే తీసుకోండి. నాలుగు 6550 వాల్వులు, 200 వాట్లు. సుంకాలూ రవాణా కలుపుకుంటే మన చేతికొచ్చేసరికి రెండు లక్షలు దాటుతుంది. స్పీకరు పెట్టె ఖర్చు వేరే. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక్కొక్కటే చేత్తో కట్టి అమ్మే చిన్న తయారీదార్ల దగ్గరైతే ఇంకా ఎక్కువ, పైగా నెలల తరబడి ఎదురు చూడాలి.

నిజంగా ఏముందో చెప్పాలంటే లోపలికి చూడాలి. వాల్వు పనిచేసేది ఎక్కువ వోల్టేజి మీద, తక్కువ కరెంటు మీద. స్పీకరుకు కావలసింది సరిగ్గా దీనికి తిరగేసి: తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. వాల్వు వేల ఓంల లెక్కలో మాట్లాడితే స్పీకరు 4 ఓంలు, 8 ఓంల లెక్కలో వింటుంది. ఈ ఇద్దరి మధ్యా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాల్సిందే. ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గితే, అదే వోల్టేజికి దాని ఇనప కోరులో అయస్కాంత ప్రవాహం రెట్టింపవుతుంది. కోరు చిన్నదైతే ఒక హద్దు దగ్గర నిండిపోతుంది. ఇక అక్కడినుంచి స్వరం నలిగి, బొంగురుపోయి, గరగరలాడుతుంది. గిటారుకు సరిపోయిన ట్రాన్స్‌ఫార్మరు బేస్ ముందు చేతులెత్తేసేది ఇందుకే. మంద్రస్థాయికి దొడ్డిదారి లేదు. ఇనుము పెంచాలి, రాగి పెంచాలి, వాటిని మోసే మనుషులనూ పెంచాలి.

ఈ సంగతి తయారీదార్లు వాయిద్యగాళ్ళ చెవుల ద్వారానే నేర్చుకున్నారు. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ గిటారు తెచ్చింది. మరుసటేడు దాని కోసమే బాస్‌మన్ యాంప్లిఫయరు తెచ్చింది. చివరికి దాన్ని ఎక్కువ ప్రేమించింది గిటారు వాయించేవాళ్ళు. లండన్లో జిమ్ మార్షల్ తన మొదటి యాంప్లిఫయరును దాని నమూనా మీదే కట్టించాడు. బేస్ మాత్రం ఇంకా ఇనుము కావాలంది. ఆంపెగ్ కంపెనీ పెట్టిన ఎవరెట్ హల్ స్వయంగా బేస్ వాద్యకారుడు. 1960లో ఆ కంపెనీ బీ-15 పోర్టాఫ్లెక్స్ తెచ్చింది. ముప్ఫై వాట్లకు మించదు గాని స్టూడియోల్లో దాని స్వరానికి ఇవాళ్టికీ మర్యాద ఉంది. 1969లో వచ్చిన ఎస్‌వీటీ దగ్గర ఇక మొహమాటాలు లేవు. 300 వాట్లు, అన్నీ కలిపి 14 వాల్వులు, పై పెట్టె ఒక్కటే దాదాపు 40 కిలోలు. దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది పెట్టిన బీరువా. రోలింగ్ స్టోన్స్ బృందం ఆ ఏడాది అమెరికా పర్యటనకు దాన్నే తీసుకెళ్ళింది.

హైదరాబాదులో ఒక స్టూడియోలో అలాంటి వాల్వు యాంప్లిఫయరుకు నా బేస్ గిటారు తగిలించి వాయించే అవకాశం దొరికింది. గట్టిగా లేదు. మెత్తగా మీటితే మెత్తగా, కాస్త ఒత్తి మీటితే లోపలినుంచి ఒక గరుకు లేచి, మళ్ళీ తీగతో పాటే అణిగిపోయింది. నా వేలి బరువు తనకు తెలిసినట్టు పలికింది. ఇది భ్రమ కాదు, కారణం ఉంది. ముందు దశలో ఉండే చిన్న వాల్వులు 41 దగ్గర పుట్టిన స్వరానికి 82 దగ్గర, అంటే అదే స్వరాన్ని పై స్థాయిలో, కొద్దికొద్దిగా కలుపుతాయి. మీటు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. పవర్ వాల్వులు హద్దు దగ్గరకొస్తే ఒక్కసారిగా తెగవు, ఒదుగుతాయి. పరికరాలతో కొలిస్తే దీన్నంతా దోషం అనే రాస్తారు. మన చెవి అలా రాసుకోదు. 82, 123 దగ్గరి పై స్వరాలు అందితే చాలు, 41 వినపడకపోయినా అది ఉందనే మనసు పూరించుకుంటుంది. చిన్న రేడియోలో కూడా బేస్ వరస మనకు తెలిసేది ఇలాగే. వాల్వు మన చెవికి ఆ ఆధారాన్ని ముందే అందిస్తుంది. అందుకే తక్కువ వాట్లలోనే నిండుగా వినపడుతుంది.

మా వైపు పెద్దవాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు: 'వాల్వు సెట్టు గొప్పతనం మాకు తెలియందా? ఊరూరా మైకు సెట్లు అవే కదా.' నిజమే, అవే. అహుజా యాంప్లిఫయర్లు, చెట్టుకు కట్టిన హారన్లు, వేడెక్కేదాకా ఆగి అప్పుడు 'హలో, హలో' అనడం. కాని ఆ సెట్టులో బేస్ లేదు. హారను కింది స్వరాన్ని పట్టాలంటే దాని గొట్టం పొడవుగా, మూతి వెడల్పుగా ఉండాలి; 41 దగ్గర స్వరపు అల పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. చెట్టు మీది హారను 250, 300 కిందికి దిగలేదు. అది మాటను రెండు పొలాల అవతలికి విసరడానికి పుట్టింది, ఆ పనిని అద్భుతంగా చేసింది. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం బుర్రకథగా చెబుతుంటే వేదిక ముందు చాపల మీద కూర్చున్నవాళ్ళకు గుమ్మెట మంద్రం నేరుగా ఛాతీకి తగిలేది. ఊరి చివర అరుగు మీదివాళ్ళకు హారన్లోంచి దాని చర్మం చప్పుడు మాత్రమే అందేది, కింది స్వరాన్ని చెవే పూరించుకునేది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథ వెనక మోగిన గుమ్మెటను దాని పూర్తి లోతుతో రికార్డు చేసి దాచుకోలేకపోవడం నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడేమో దానికి పూర్తి ఎదురు కొస. కోటప్పకొండ తిరునాళ్ళకు వచ్చే విద్యుత్ ప్రభల ముందు డీజే పెట్టెలు వేల వాట్లు కుమ్మరిస్తాయి. పద్దెనిమిది అంగుళాల స్పీకర్ల ముందు నిలబడితే చొక్కా కదులుతుంది. అక్కడ మంద్రం ఉంది, స్వరం లేదు. సా ఏదో పా ఏదో తెలియని గుద్దు అది. గుండె జబ్బులవాళ్ళు, పసిపిల్లల తల్లులు ఆ రోజుల్లో పడే అవస్థ నేను చూస్తూనే ఉన్నాను. బేస్ అంటే ఇదేనని ఒక తరం అనుకుంటోంది. వాల్వు యాంప్లిఫయరు గురించి ఇంత రాయడానికి అసలు కారణం అదే. తక్కువ చప్పుడులో కింది స్వరం ఎంత స్పష్టంగా, ఎంత మనిషి గొంతులా ఉండగలదో ఈ పిల్లలు ఒక్కసారైనా వినాలి.

ఇక మోయాల్సిన ఖర్చుల సంగతి. రెంటచింతల మే నెల ఎండ గురించి తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్క 6550 వాల్వు లోపలి తీగను వేడి చేయడానికే పది వాట్లు పోతాయి. ఆరు వాల్వులుంటే స్వరం పుట్టక ముందే అరవై వాట్ల వేడి. లోవోల్టేజి వస్తే ఆ తీగ సరిగా వేడెక్కదు, హైవోల్టేజి వస్తే ఆయుష్షు తగ్గుతుంది. స్టెబిలైజరు లేకుండా మా వైపు దీన్ని పెట్టకూడదు. పెద్ద యాంప్లిఫయర్లలో ఏడు వందల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజి నిలిచి ఉండొచ్చు. తెలియనివాడు మూత తీస్తే ప్రాణం పోవచ్చు. వాల్వులు అరుగుతాయి, జతకు జత కుదిర్చి మార్చాలి. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ రేడియోలకూ మైకు సెట్లకూ పనికొచ్చే వాల్వులు తయారుచేసేది. ఆ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ప్రపంచమంతా స్లొవాకియా, రష్యా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీల మీద ఆధారపడింది. 2022 మార్చిలో యుద్ధం వల్ల రష్యా ఎగుమతులకు అడ్డంకి రాగానే ధరలు ఎగబాకాయి.

మరోవైపు క్లాస్-డీ యాంప్లిఫయరు రెండు కిలోలుంటుంది, 500 వాట్లిస్తుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేదు, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళొచ్చు. పెళ్ళిళ్ళకు వాయించే కుర్రాడు కొనాల్సింది అదే. మిగిలిన డబ్బు మంచి స్పీకరు పెట్టె మీద పెట్టమని చెబుతాను. అప్పు చేసి వాల్వు యాంప్లిఫయరు కొనొద్దని గట్టిగానే చెబుతాను.

అయితే ఆ ఖరీదైన పెట్టెల వెనక ఒక పద్ధతి నాకెంతో నచ్చుతుంది. ఇంగ్లండులో డేవ్ రీవ్స్ పెట్టిన హైవాట్ కంపెనీ యాంప్లిఫయర్ల గురించి మాట్లాడేవాళ్ళు ఇవాళ్టికీ మరో రెండు పేర్లు కలిపే చెబుతారు. ట్రాన్స్‌ఫార్మర్లు చేసిన పార్ట్రిడ్జ్, లోపల వైరింగు చేసిన హ్యారీ జాయిస్. అంతకు ముందు సైన్యానికి వైరింగు పనులు చేసిన మనిషి ఆయన. తీగలు వంచిన తీరు చూసి ఇది జాయిస్ చేయి అని గుర్తుపట్టేవాళ్ళున్నారు. పాతది అమ్మేటప్పుడు ఆ పేరుకు కూడా విలువ కడతారు. చేతిపనికి ఇచ్చే ధర అంటే నాకు అదీ.

అలాంటి చేతిపని మా దగ్గరా ఉంది. నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపులు ఎన్ని లేవు! ఎండాకాలం లోవోల్టేజికి కాలిపోయిన బోరు మోటార్లు ఆటోల్లో వస్తాయి. కాలిన తీగ కోసి తీసి, గేజి కొలిచి, టర్నులు లెక్కపెట్టి, కొత్త రాగి చుట్టి, వార్నీషు పోసి, ఆరబెట్టి సాయంత్రానికి పొలం పంపిస్తారు. మిరపతోట ఎండకుండా నిలబడేది ఆ చేతుల మీద. నా దగ్గర రెండు ఈఎల్-34 వాల్వులున్న పాత మైకు యాంప్లిఫయరు ఒకటి ఉండేది. మాటకు బాగానే పలికేది, బేస్ తగిలిస్తే గరగరమనేది. దాని ట్రాన్స్‌ఫార్మరు ఊడదీసి వైండింగ్ షాపు భాయ్ దగ్గరకు పట్టుకెళ్ళాను. తిప్పి తిప్పి చూసి, 'మోటారైతే తిరిగితే చాలు సార్. ఇది పాడాలంటున్నారు' అన్నాడు.

పాతదాన్ని పొర పొరగా విప్పాడు, టర్నులు కాగితం మీద రాసుకున్నాడు. కోరుకు పెద్ద సైజు స్టాంపింగులు తెప్పించాం, కొత్త కోరుకు తగ్గట్టు టర్నులు మళ్ళీ లెక్కగట్టాం. కింది స్వరాలు ఇనుము మీద ఆధారపడితే పై స్వరాలు చుట్టే వరస మీద ఆధారపడతాయి. వాల్వు వైపు చుట్టను ముక్కలు చేసి, మధ్యమధ్యలో స్పీకరు వైపు చుట్టను పొరలుగా పెట్టాలి, పొరకూ పొరకూ నడుమ కాగితం. మోటారులో ఈ పని ఉండదు. భాయ్‌కి ఇది కొత్త. కాని చేయి కొత్తది కాదు. తీగ బిగువు ఎక్కడా సడలలేదు. బిగించి, పదిహేను అంగుళాల స్పీకరుకు కలిపి, లావు తీగ మీటాను. గరగర లేదు. 41 నిలబడింది. నలభై వాట్ల లోపే అది, పందిట్లో వినపడదు. చర్చి హాల్లో, ఇంట్లో రికార్డింగుకు మాత్రం నాకింకేం అక్కర్లేదు.

భాయ్ మోటారు కూలే అడిగాడు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు మిగతా పని పక్కనపెట్టి చేశాడు. విదేశంలో చేత్తో చుట్టిన అలాంటి ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే ఎంత పలుకుతుందో అతనికి చెప్పాను. నమ్మలేదు, ఫోనులో చూపించాను. ఈ ఊళ్ళో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, వాటి ల్యాబుల్లో ఆసిలోస్కోపులున్నాయి. ఈ షాపు చేతులను ఆ కొలతలతో కలిపే అధ్యాపకుడు ఒక్కరు దొరికితే బాగుండునని అప్పటినుంచి అడిగి చూస్తున్నాను.

మొన్న చిలకలూరిపేట నుంచి ఒక కుర్రాడు తన పాత యాంప్లిఫయరు మోసుకొచ్చాడు, అలాంటిదే చుట్టివ్వమని. ఎంత చెప్పమంటారని భాయ్ నన్ను పక్కకు పిలిచి అడిగాడు. మోటారు కూలికి మూడింతలు చెప్పమన్నాను. అతను రెండింతలే చెప్పాడు. కుర్రాడు బేరమాడకుండా అడ్వాన్సు ఇచ్చి, షాపు పేరు అడిగి రాసుకుని వెళ్ళాడు.