ఇయాగో: ‘ఒథెల్లో’ను నడిపించే ప్రతినాయకుడు

విషాదాంత నాటకంలో ప్రతినాయకుడి పని నాయకుడికి అడ్డుపడటంతో తీరదు. నాయకుడి మనసులో అణగి ఉన్న బలహీనతను తట్టిలేపి, అతని చేతులతోనే అతని వినాశం జరిపించాలి. షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’లోని ఇయాగో ఇందుకు గొప్ప ఉదాహరణ. 1604లో లండన్‌లో రాజు ఒకటో జేమ్స్ కొలువులో ప్రదర్శించిన ఈ నాటకంలో ఎక్కువ సంభాషణలు ఒథెల్లోవి కావు, ఇయాగోవే.

వెనిస్ రాజ్య సేనానిగా ఉన్న పరదేశి ఒథెల్లో, సెనేటర్ కూతురు డెస్డిమోనాను రహస్యంగా పెళ్లాడతాడు. తనను కాదని కాసియోకు ఉపసేనాని పదవి ఇచ్చినందుకు ఇయాగో కక్ష కడతాడు. తన భార్యతో ఒథెల్లోకు సంబంధం ఉందేమోనన్న అనుమానాన్నీ బయటపెడతాడు. ఈ కథకు మూలం ఇటలీ రచయిత సింథియో 1565లో ప్రచురించిన ఒక కథ. అందులో ఈ పాత్రకు పేరు లేదు, డెస్డిమోనాపై విఫలమైన మోహమే అతని పగకు కారణం. షేక్‌స్పియర్ ఆ కారణాన్ని వెనక్కి నెట్టి, ఏ ఒక్కటీ పూర్తిగా చాలని కారణాలు నాలుగైదు చూపాడు. ఇయాగోను చూస్తే కలిగే భయం అక్కడే పుడుతుంది.

ఇయాగో బలప్రయోగంతో కథ నడపడు. ఎదుటివారి స్వభావమే అతని పనిముట్టు. డెస్డిమోనాను కోరుకునే రోడరిగో ఆశను వాడుకుని డబ్బు గుంజుతాడు. తాగుడుకు తట్టుకోలేని కాసియో చేత తాగించి, గొడవలో ఇరికించి, పదవి పోగొడతాడు. ఆ పదవి తిరిగి ఇప్పించమని డెస్డిమోనా జాలితో భర్తను బతిమాలుతుంది. ఆ జాలినే ఇయాగో కాసియోతో ఆమె అక్రమ సంబంధానికి ఆనవాలుగా చూపిస్తాడు. మంచితనం ఎంత గట్టిగా మాట్లాడితే అనుమానం అంత ముదురుతుంది.

మూడో అంకం మూడో రంగం ఈ నాటకానికి గుండెకాయ. అక్కడ ఇయాగో మొదట నేరం మోపడు. సగం మాట అని ఆగుతాడు, ఒథెల్లో మాటనే తిరిగి ప్రశ్నగా వేస్తాడు, చెప్పడం ఇష్టం లేనట్టు తటపటాయిస్తాడు. మిగిలిన సగాన్ని ఒథెల్లో ఊహే పూరిస్తుంది. తర్వాత రుజువు కావాలంటే చేతిరుమాలు సిద్ధం. డెస్డిమోనా జారవిడిచిన రుమాలును ఆమె పరిచారిక ఎమీలియా తీసి భర్త ఇయాగోకు ఇస్తుంది, అతడు దాన్ని కాసియో గదిలో పడేస్తాడు. చిన్న గుడ్డముక్క ఒక ప్రాణం తీసేంత సాక్ష్యమవుతుంది.

స్వగతాల్లో ఇయాగో తన పన్నాగాన్ని ముందే ప్రేక్షకులకు చెప్పేస్తాడు. అందువల్ల ఏం జరుగుతుందన్న కుతూహలం స్థానంలో, తెలిసీ ఆపలేని బాధ చేరుతుంది. వేదికపై అందరూ అతణ్ణి నిజాయితీపరుడని పిలిచిన ప్రతిసారీ ఆ బాధ రెట్టింపవుతుంది.

అయినా ఇది కుట్రకథగా మిగలక విషాదం కావడానికి కారణం ఒథెల్లోనే. ఇయాగో విత్తనం వేశాడు, నేల ఒథెల్లోది. భార్యను సూటిగా, ఓపికగా అడిగి విని ఉంటే పన్నాగం కూలిపోయేది. పరాయివాణ్ణన్న లోలోపలి బెరుకు, తొందరపాటు అతణ్ణి భార్య హంతకుణ్ణి చేశాయి. నిజం తెలిశాక అతడు తనను తానే పొడుచుకుని చనిపోతాడు.

ఇయాగో లెక్క తప్పింది ఎమీలియా దగ్గరే. చనిపోయిన యజమానురాలి కోసం ఆమె ప్రాణానికి తెగించి రుమాలు సంగతి బయటపెడుతుంది, భర్త కత్తికి బలవుతుంది. ఎందుకు చేశావని అడిగితే ఇయాగో ఇక పెదవి విప్పనంటాడు. మాటతో కథంతా నడిపినవాడు మౌనంతో దాన్ని ముగిస్తాడు, కారణం మాత్రం చివరిదాకా చెప్పడు.