నొప్పెరగని కాలికి చెప్పు

ఎంసీఆర్ చెప్పు చూడ్డానికి ఏమంత సొగసుగా ఉండదు. కింద గట్టి నల్ల రబ్బరు అడుగు, దాని మీద సుమారు సెంటీమీటరు మందాన మెత్తటి రబ్బరు పొర, పాదం మీదుగా రెండు వెడల్పాటి పట్టీలు, మడమ వెనకగా ఇంకొకటి. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఉచితంగా ఇచ్చేది ఇదే. షుగరుతో కాళ్లు మొద్దుబారినవాళ్లకు డాక్టర్లు రాసేదీ ఈ రకమే. షాపులో నలభై జతల మధ్య పెడితే దీన్ని ఎవరూ ఏరుకోరు. కానీ ఒకసారి చేతిలోకి తీసుకుని, పట్టీ ఎక్కడ దూరింది, అంచు ఎలా గీరారు, మేకు ఎందుకు లేదు అని తిరగేసి చూస్తూ పోతే, ఇందులో ఊరికే పెట్టింది ఒక్కటీ లేదని తెలుస్తుంది.

మామూలు చెప్పులు కుట్టేవాడికి తొడుక్కునేవాడి నొప్పి పెద్ద సాయం. కొలత కొంచెం తప్పినా కాలు సర్దుకుంటుంది. చెప్పు కరిస్తే కుంటుతాం, విప్పి చేత పట్టుకుంటాం, మర్నాటికి మూల పడేస్తాం. కుష్ఠు వల్ల గానీ, ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు వల్ల గానీ పాదంలో నరాలు దెబ్బతిన్నవారికి ఆ సాయం లేదు. భరించలేని బాధల పద్దులో వేమన వేసిన రాయి చెప్పులో రోజంతా ఉన్నా వాళ్లకు తెలియదు. సాయంత్రం చెప్పు విప్పి నెత్తురు చూసుకున్నాకే తెలుస్తుంది. అటువంటి కాలికి చెప్పు చేసేవాడు నొప్పి చేయాల్సిన పనంతా తానే ముందుగా చేసిపెట్టాలి. అందుకే ఈ చెప్పు పనితనం అర్థమైతే, నొప్పి తెలిసిన మన కాళ్లకు ఎలాంటి చెప్పు కావాలో కూడా అర్థమవుతుంది.

ఈ విద్యకు పుట్టిల్లు వేలూరు. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్, లండన్‌లో సర్జన్‌గా శిక్షణ పొంది 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు వస్తే మాంసం దానంతటదే కుళ్లి వేళ్లు రాలిపోతాయని డాక్టర్లు కూడా నమ్మే రోజులవి. బ్రాండ్, ఆయనతో పనిచేసినవారు చూసింది వేరు. పుండు పడిన పాదానికి పిండికట్టు వేసి ఉంచితే అందరి పుండ్లలాగే అదీ మానుతోంది. కట్టు తీశాక పాత తీరున నడిస్తే మళ్లీ అదే చోట రేగుతోంది. అంటే మాంసంలో లోపం లేదు. నడుస్తున్నప్పుడు ఆ ఒక్క చోట పడే బరువులో ఉంది లోపం. ఆ మాట తేలాక ఆసుపత్రిలో సర్జన్ల పక్కన చెప్పులు కుట్టేవాళ్లకు చోటు దొరికింది. రకరకాల పదార్థాలతో తంటాలు పడ్డాక మైక్రోసెల్యులర్ రబ్బరు నిలబడింది. ఎంసీఆర్ అంటే అదే. వేలూరు దగ్గర కరిగిరిలో 1955లో మొదలైన షీఫలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం ఈ పని నేర్పే బడి అయింది.

పాదానికి హాని ఏయే దారుల్లో వస్తుందో బ్రాండ్ విడమరిచి చెప్పారు. మొదటిది మేకో గాజుపెంకో ఒక్కసారిగా దిగబడడం. రెండోది కొద్దిపాటి ఒత్తిడే అయినా గంటల తరబడి వదలకపోవడం. బిగుతు బూటు చిటికెనవేలి పక్కన నొక్కుతూనే ఉంటే ఆ చోటికి నెత్తురు అందక చర్మం చచ్చిపోతుంది. మూడోదాని మీద ఎవరికీ అనుమానం రాదు. ఒక్క అడుగుకు ఏమీ చేయని మామూలు ఒత్తిడి ఒకే చోట వేలసార్లు పడితే లోపల కండ వాచి, వేడెక్కి, చివరికి పగులుతుంది. చెప్పులో గట్టి అడుగు మొదటిదానికి జవాబు, సరైన కొలత రెండోదానికి, మెత్తటి పొర మూడోదానికి.

1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి మారాక బ్రాండ్ బృందం ఈ మూడో హానిని కళ్లకు కట్టే మేజోడు ఒకటి తయారు చేసింది. అందులో రంగు నింపిన అతి చిన్న గుళికలుంటాయి. ఒత్తిడి ఎక్కువైన చోట అవి పగిలి రంగు పూస్తాయి. ఆ మేజోడు తొడిగి మైళ్ల కొద్దీ నడిపించి చూస్తే, మామూలు మనిషి పాదం అచ్చు మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా పడింది. అలసిన చోటును కాచుకుంటూ తనకు తెలియకుండానే బరువును అటూ ఇటూ మార్చుకున్నాడన్నమాట. స్పర్శ లేని పాదం మాత్రం మొదట ఎక్కడ మోపిందో చివరిదాకా అక్కడే మోపింది. ఆ చోటును కాచే బాధ్యత చెప్పు మీద పడింది.

కాబట్టి చెప్పు పని కొలత కంటే ముందే, పరీక్షతో మొదలవుతుంది. సన్నటి నైలాన్ పోగును అరికాల్లో అక్కడక్కడ ఆనిస్తారు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసిన పోగు అది. పోగు వంగినా తాకినట్టు తెలియకపోతే ఆ చోటు ప్రమాదంలో ఉన్నట్టు. ఆ మీదట సిరా పూసిన రబ్బరు చాప మీద కాగితం పరిచి నడిపిస్తారు. చాప మీది గళ్ల గట్లు ఒకే ఎత్తులో ఉండవు. కాలు తేలిగ్గా ఆనిన చోట పెద్ద గళ్లు మాత్రమే పడతాయి, బలంగా ఆనిన చోట వాటి మధ్యలోని సన్న గళ్లు కూడా పడి కాగితం నల్లబడుతుంది. బొటనవేలి మొదట్లో, మడమ దగ్గర తరచూ ఆ నలుపు కనిపిస్తుంది.

పాదం గీత తీయడం చూడ్డానికి చిన్న పనే. మనిషిని నిలబెట్టి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేయించి, పెన్సిల్‌ను నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీస్తారు. పెన్సిల్ లోపలికి వాలిందంటే గీత పాదం కిందికి దూరి చెప్పు ఇరుకవుతుంది, బయటికి వాలిందంటే వదులవుతుంది. కూర్చున్న కాలికంటే నిలబడ్డ కాలు పొడవులోనూ వెడల్పులోనూ కాస్త పెద్దది. రెండు కాళ్లకూ విడివిడిగా గీస్తారు, ఒకే మనిషి కాళ్లు రెండూ ఒక్క కొలతలో ఉండడం తక్కువ గనక.

ఇక ఆ మెత్తటి పొర. రబ్బరులో గాలి పుట్టించే రసాయనం కలిపి వేడిలో, ఒత్తిడిలో ఉడికిస్తే లోపల లెక్కలేనన్ని చిన్న గాలిగదులు ఏర్పడతాయి. ఒక గదికీ మరో గదికీ దారి ఉండదు. అందుకే నొక్కితే దిగి, వదిలితే లేస్తుంది, చెమట పీల్చదు, కడుక్కోవచ్చు. హవాయి చెప్పు అడుగుదీ ఇదే వంశం, కాకపోతే అది గట్టిది. రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ లెక్కలో ఎంసీఆర్ 15 దరిదాపుల్లో ఉండాలి. టైరు రబ్బరుకు అదే లెక్క 60 దాకా పోతుంది. పొర మరీ మెత్తనైతే అడుగు వేయగానే పూర్తిగా అణిగిపోయి కాలు నేరుగా కింది గట్టి రబ్బరుకు తగులుతుంది. మరీ గట్టిదైతే అరికాలి ఎత్తుపల్లాలకు ఒదగదు, బరువంతా ఎత్తుల మీదే పడుతుంది. ఈ రెంటి నడుమ పట్టుకున్న అంకె 15. మనిషి బరువు ఎంతుందో అంతే ఉంటుంది. పొర దాన్ని అరికాలంతా పరుస్తుంది. ఆ పొర ఒక్కటే అయితే తుమ్మముల్లు సులువుగా దిగిపోతుంది. కింద గట్టి అడుగు పెట్టింది అందుకే. వేలితో నొక్కి చూసి కొనే బజారు మెత్తచెప్పుల్లో చాలా వాటికి ఆ రెండో సగమే ఉండదు.

పట్టీల పని దగ్గర కాసేపు నిలబడి చూడాలనిపిస్తుంది. పాదం గీత మీద పట్టీ ఎక్కడ దిగాలో గుర్తు పెట్టుకుని పొరలో సన్నటి చీలికలు కోస్తారు. పట్టీ తోలు కొసను కత్తితో పలచగా చెక్కుతారు, లేకపోతే కాలి కింద గట్టు లేస్తుంది. కొసను చీలికలోంచి కిందికి లాగి, కాలు పెట్టించి, బిగువు చూసి, పొర అడుగున మడిచి అంటిస్తారు. తర్వాత గట్టి అడుగు అంటించడం. ముందు రెండు ముఖాలనూ గరుకుగా గీరతారు. జిగురు పూసి వెంటనే కలపరు. వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగుతారు. అప్పుడు ఒక కొస నుంచి గాలి తోసేస్తూ ఆనించి, సుత్తితో తట్టి, మిగిలిన అంచును గీరి నునుపు చేస్తారు. కుట్టు ఉంటుంది, జిగురు ఉంటుంది, మేకు మాత్రం ఎక్కడా ఉండదు. అడుగు అరిగాక పైకి లేచే మేకు మనకైతే చురుక్కుమంటుంది, వాళ్లకు అనదు.

బొటనవేలి సందున దూరే పట్టీ కూడా ఇందులో ఉండదు. అది వేలి సందును ఒరుస్తుంది, పైగా చెప్పు జారకుండా వేళ్లతో బిగబట్టి నడవాలి. స్పర్శ లేని కాలికి చెప్పు జారిపోయిన సంగతే తెలియదు. వెనక పట్టీ ఆ పని చూసుకుంటుంది. బకిల్ బదులు వెల్క్రో పెడతారు, కుష్ఠు వల్ల చేతివేళ్లు వంకరపోయినవారు కూడా తమంతట తాము తొడుక్కోవాలని. పాదం ఆకారమే మారిపోయినవారికి అరికాలి అచ్చు తీసి పొరను ఆ అచ్చుకు మలుస్తారు. మరికొందరికి వంగని అడుగు పెట్టి ముందు భాగాన్ని పడవ ముక్కులా పైకి లేపుతారు. అప్పుడు వేళ్ల మొదళ్లు వంగనక్కర్లేకుండానే పాదం ముందుకు దొర్లుతుంది. ఆ లేవడం మొదలయ్యే గీత వేళ్ల మొదళ్లకు కాస్త వెనకగా పడాలి. ముందుకు జరిగిందా, కాపాడాలనుకున్న చోటే బరువు పడుతుంది.

ఇంత చేసిన చెప్పు కూడా అటకెక్కిన సందర్భాలున్నాయి. ఆ నల్ల రబ్బరును చూడగానే ఊరు రోగాన్ని పోల్చుకునేది. నలుగురి చూపుకు జంకి, ఇచ్చిన చెప్పు ఇంట్లో పెట్టి ఉత్తకాళ్లతో తిరిగినవాళ్లున్నారు. చేసేవాళ్లు రంగులు మార్చారు, పట్టీల తీరు మార్చారు, ఆడవాళ్లకు వేరే నమూనాలు తెచ్చారు. లోపలి పొర అదే, బయటికి మాత్రం అందరూ వేసుకునే చెప్పే. రోజూ తొడుక్కోబుద్ధయ్యేలా చేయడం కూడా పనితనమేనని వాళ్లు తెలుసుకున్నారు.

మనం షాపులో రెండడుగులు వేసి, నొప్పి లేదు కదా అని డబ్బు కట్టేస్తాం. ఆనెకాయలు, మడమ నొప్పి రెండడుగుల్లో బయటపడేవి కావు. మన నొప్పి ఆలస్యంగా మాట్లాడుతుంది, అందుకే కొలత ముందుగా మాట్లాడాలి. సాయంత్రం పూట, కాళ్లు కాస్త వాచి ఉన్నప్పుడు, నిలబడి, పెద్దదైన కాలికి సరిపోయే జత తీసుకోవాలి. అన్నిటికంటే పొడవైన వేలు ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆ పొడవైన వేలు కొందరికి రెండో వేలు. బూటు లోపలి మెత్తను బయటికి తీసి దాని మీద నిలబడితే వెడల్పు సంగతి తేలిపోతుంది, పాదం అంచు దాటకూడదు. వెడల్పు చాలక పొడవులో ఒక సైజు పెంచడం చాలామంది చేసే పని. అలా చేస్తే బూటు వంగే చోటూ పాదం వంగే చోటూ కలవవు.

ఆసరా సంగతి చేతులే చెబుతాయి. బూటును ముందూ వెనకా పట్టుకుని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గరే మడతపడాలి. నడుమ మడతపడిందంటే పాదం వంపును మోసేది అందులో ఏదీ లేదు. మడమ చుట్టూ ఉండే గోడను వేళ్లతో నొక్కితే చదునుగా పడిపోకూడదు. నడిచేటప్పుడు మడమ పక్కకు ఒరగకుండా ఆపేది ఆ గోడే. తడిగుడ్డను పిండినట్టు మెలితిరిగే బూటు ఎంత తేలిగ్గా ఉన్నా రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు పనికిరాదు. కొత్త జతను మొదటిరోజు అరగంట వేసుకుని విప్పి చూడాలి. కందిన చోటు కాసేపటికి మామూలు రంగుకు రాకపోతే అక్కడ ఇరుకన్నమాట. షుగరు ఉన్నవాళ్లు తొడిగే ముందు ప్రతిసారీ దులిపి, లోపల చెయ్యి పెట్టి తడుముకోవాలి.

ఎంసీఆర్ పొర కూడా ఎల్లకాలం నిలవదు. బరువు పడే చోట అణిగి, గుంటపడి, నొక్కి వదిలినా లేవడం మానేసిన రోజు దాని పని అయిపోయినట్టే, పట్టీలు కొత్తవాటిలా ఉన్నా సరే. పట్టీ తెగేదాకా చెప్పును లాగించడం మన అలవాటు. ఈ చెప్పు చేసేవాళ్ల లెక్కలో మాత్రం పొర లేచినన్నాళ్లే చెప్పుకు ఆయుష్షు. మడమ నొప్పి మొదలైనప్పుడు మాత్రలకంటే ముందు, రోజూ వేసుకునే జతను ఆ లెక్కన ఒకసారి నొక్కి చూసుకోవడం మేలు.